తాత, తండ్రి, కొడుకు: కంప్యూటరు ప్రతుల కథ

పాతకాలపు వర్తకుని కొట్టులో రెండు పుస్తకములు ఉండెడివి. ఏనాటి బేరము ఆనాడే వ్రాసికొనునది చిట్టా. ఖాతాదారుల పేరుపేరున నిలువలు కట్టి ఉంచునది ఆవర్జా. ఆవర్జాలో నిలువ కట్టిన తేదీ తెలిసి, ఆ తేదీనుండి నేటివరకు చిట్టా చేతిలో ఉన్నచో లెక్క మొత్తము మరల నిలబెట్టవచ్చును. ఆవర్జాను చెదలు తిన్నవా, మిగిలిన నాలుగు రోజుల చిట్టా ఎవరు ఎంత బాకీయో చెప్పజాలదు. నేడు ఇండ్లలోను పాఠశాలలలోను ఉన్న కంప్యూటరులు ఎవరును చెప్పకుండనే రాత్రివేళ తీసికొను ‘డిఫరెన్షియల్ బ్యాకప్’ అను ప్రతులు ఈ చిట్టా, ఆవర్జాల సంబంధముమీదనే నిలిచియున్నవి. ఆ ప్రతులు అక్కరకు రాకపోయినప్పుడు విచారించి చూడగా కొన్నిచోట్ల తేలు సంగతి వింతగా ఉండును: చిట్టా భద్రముగానే ఉన్నది, ఆవర్జా పోయినది, దానిని పారవేసినదియు ఆ కంప్యూటరే. ఇట్టి స్థితి ఎట్లు వచ్చినదో తెలియుటకు డెబ్బది ఏండ్ల వెనుకకు పోవలెను.

తొలినాళ్లలో ఈ చిక్కు లేదు. 1951లో అమెరికా జనాభా లెక్కల శాఖకు చేరిన యూనివాక్ యంత్రము సమాచారమును అయస్కాంతపు టేపుమీద వ్రాసెడిది. మరుసటి ఏడు ఐ.బి.ఎమ్. సంస్థయు తన టేపు యంత్రమును వెలువరించినది. చుట్టయందలి టేపు నడుమ ఒక్క పద్దును చెరిపి అక్కడనే వేరొకటి వ్రాయుట తేలిక పని కాదు. కావున నిన్నటి మూలపు టేపును ఒక యంత్రముమీదను, నేటి లావాదేవీల టేపును రెండవదానిమీదను ఎక్కించి, రెండింటిని కలుపుకొనుచు చదివి, క్రొత్త మూలమును మూడవ టేపుమీద వ్రాసెడివారు. నిన్నటి టేపు చెక్కుచెదరక అట్లే మిగులును. నేటిది కొడుకు, నిన్నటిది తండ్రి, మొన్నటిది తాత. ఈ మూడు తరములను బీరువాలో ఉంచి, ముత్తాతను చెరిపి ఆ టేపునే మరల వాడుకొనుట ఆచారమైనది. ‘తాత-తండ్రి-కొడుకు పద్ధతి’ అను పేరు ఇట్లు పుట్టినదే. రక్షణకై వేరుగా శ్రమపడనక్కరలేదు. పని జరుగు తీరులోనే ప్రతి ఇమిడియున్నది. పొరపాటున తండ్రిమీదనే వ్రాయకుండుటకు టేపు చుట్ట వెనుక ఒక వలయము అమర్చెడివారు. ఆ వలయము తీసివేసినచో యంత్రము చదువునేగాని వ్రాయదు.

1956లో ఐ.బి.ఎమ్. వారి ర్యామాక్ వచ్చినది. ఇరువదినాలుగు అంగుళముల వెడల్పు గల పళ్లెములు 50, ఒకదానిమీద ఒకటిగా ఒకే ఇరుసుకు కూర్చబడి తిరుగుచుండును. అన్నింటిమీదను కలిపి 50 లక్షల అక్షరములు పట్టును. ఏ పద్దు కావలసినను నేరుగా అచ్చటికే పోయి, ఉన్నచోటనే మార్చవచ్చును. వేగమునకు ఇది గొప్ప మేలు. కాని మార్చిన క్షణముననే పాత అంకె అంతర్ధానమగుచున్నది. తాతయు తండ్రియు ఒక్కసారిగా ఇల్లు విడిచినారు! అటుపిమ్మట ప్రతి తీయుట ప్రత్యేకముగా చేయవలసిన పని అయినది. ప్రత్యేకముగా చేయవలసిన పనిని మానవుడు మరచిపోవును.

అనేకులు ఒకే యంత్రమును పంచుకొను విధానమును ఫెర్నాండో కొర్బాటో బృందము 1961లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ప్రదర్శించినది. తరువాత వందలాది వినియోగదారుల ఫైళ్లు ఒకే డిస్కుమీదికి చేరినవి. ఈ పరిశ్రమకు కొనసాగింపైన మల్టిక్స్ కొరకు డేలీ, న్యూమన్ అనువారు 1965లో ఒక వ్యాసము ప్రకటించినారు. మారిన ఫైళ్లను మాత్రమే ఎప్పటికప్పుడు టేపుకు ఎక్కించుట, వారమునకొకమారు విస్తారమైన ప్రతి తీయుట, చాలకాలము వాడని ఫైళ్లను డిస్కునుండి నెమ్మదియైన నిలువలకు దానంతట అదే తరలించుట ఇందులో ఉన్నవి. ప్రతి తీయుట, చోటు ఖాళీ చేయుట అను రెండు పనులును యంత్రమునకే అప్పగింపవచ్చునని ఆనాడే ఆలోచించినారన్నమాట.

మారినవానిని మాత్రమే వ్రాయవలెనన్నప్పుడు ‘ఎప్పటినుండి మారినవి?’ అను ప్రశ్న వచ్చును. దీనికి రెండు సమాధానములు గలవు. కిందటి పూర్ణప్రతినుండి మారినవన్నియు ప్రతిదినమును వ్రాయుట భేదప్రతి. ఇదియే డిఫరెన్షియల్ బ్యాకప్. నిన్నటి ప్రతినుండి మారినవి మాత్రమే వ్రాయుట వృద్ధిప్రతి. దీనికి ఇంక్రిమెంటల్ అని పేరు. ఆదివారమునాడు 200 గిగాబైట్ల పూర్ణప్రతి తీసి, ఆపై దినమునకు 5 గిగాబైట్ల చొప్పున క్రొత్త ఫైళ్లు చేరుచున్నవనుకొందము. సోమవారమునుండి శనివారమువరకు భేదప్రతులు వరుసగా 5, 10, 15, 20, 25, 30, మొత్తము 105. వృద్ధిప్రతులు ఆరును కలిపి 30 మాత్రమే. అయితే శనివారము రాత్రి డిస్కు చెడినచో భేదప్రతి గలవానికి రెండు ప్రతులు చాలును: ఆదివారపుది, శనివారపుది. వృద్ధిప్రతి గలవానికి ఏడును కావలెను. నడుమ ఒకటి పాడైనచో అక్కడితో గొలుసు తెగినట్లే. చోటు ఎక్కువ తినినను గృహస్థునకు భేదప్రతియే మేలనుటకు కారణమిది.

ఈ రెండింటిని ఒకే సూత్రములోనికి తెచ్చినవారు యూనిక్స్ రచయితలు. 1979 నాటి ఏడవ సంచికలో ‘డంప్’ అను ఆజ్ఞకు 0 నుండి 9 వరకు అంతస్తులు గలవు. ఏ అంతస్తు ప్రతియైనను తనకంటె తక్కువ అంకె గల కడపటి ప్రతినుండి మారినవానిని తీసికొనును. 0 ఎప్పుడును పూర్ణప్రతియే. దాని పిమ్మట రోజును 1 అని చెప్పుచుండిన అవి భేదప్రతులగును. 1, 2, 3 అని పెంచుకొనుచు పోయిన వృద్ధిప్రతులగును. బర్క్లీ విశ్వవిద్యాలయపు యూనిక్స్ కరదీపికలో 3, 2, 5, 4, 7, 6, 9, 8, 9, 9 అను వరుస సూచింపబడినది. 1883లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడ్వర్డ్ ల్యూకా ప్రచురించిన ‘హనాయి గోపురము’ అను బిళ్లల ఆటనుండి ఈ ఊహ వచ్చినది. మొదటినాడు 3వ అంతస్తు, రెండవనాడు 2వది. కనుక మొదటినాటి మార్పులు రెండవనాటి టేపుమీద కూడ పడును. ఎనిమిదవ నాటి పిమ్మట డిస్కు చెడినచో 0, 2, 4, 6, 8 అను ఐదు టేపులతో పని తీరును. ఏల తీరునో విద్యార్థులు కాగితముమీద వేసి చూచుకొనుట మంచి వ్యాయామము.

ఇంటి కంప్యూటరుకు డిస్కు 1983లో వచ్చినదనవచ్చును. ఆ యేడు ఐ.బి.ఎమ్. వెలువరించిన పి.సి. ఎక్స్‌టి. యందు 10 మెగాబైట్ల డిస్కు ఉండెడిది. దానితోకూడ వచ్చిన డాస్ 2.0లో బ్యాకప్ అను ఆజ్ఞ కలదు. ప్రతి వ్రాయుటకు ఉన్నది 360 కిలోబైట్ల ఫ్లాపీ. నిండిన డిస్కుకు ప్రతి తీయవలెనన్న 28, 29 ఫ్లాపీలు ఒకదాని వెంట ఒకటి మార్చుచు కూర్చుండవలెను. ఆ ఓపిక ఎందరికి ఉండును? అందుచేత మారిన ఫైళ్లను గుర్తించుటకు ఒక చిన్న ఉపాయము వాడినారు. ప్రతి ఫైలుకు ఒక గుర్తు, అనగా ఒకే ఒక్క బిట్టు, ఉండును. ఫైలు మారిన తోడనే అది లేచి నిలుచును. దీనికి ‘ఆర్కైవ్ బిట్టు’ అని పేరు. 1986 నాటి డాస్ 3.2లోని ఎక్స్‌కాపీ ఆజ్ఞకు రెండు మీటలు ఉండెడివి. ‘ఎ’ అనినచో గుర్తున్న ఫైళ్లను వ్రాసి గుర్తును అట్లే ఉంచును; ‘ఎమ్’ అనినచో వ్రాసి గుర్తును దించును. మొదటిది భేదప్రతికి, రెండవది వృద్ధిప్రతికి దారి. 1993 నాటి ఎమ్.ఎస్. డాస్ 6లోని బ్యాకప్ ప్రోగ్రాము ఈ మూడు రకములను పేర్లు పెట్టి ఎన్నుకొమ్మని అడిగెడిది.

ఒక్క బిట్టుకు ఇద్దరు యజమానులైనచో కలహము తప్పదు. భేదప్రతులు తీయు ప్రోగ్రాము ఒకటి నడుచుచుండగా, నడుమ మరియొక ప్రోగ్రాము వచ్చి తన ప్రతి తీసికొని గుర్తులన్నియు దించినదనుకొందము. ఆ రాత్రి మొదటి ప్రోగ్రాము చూడగా మారిన ఫైళ్లే కనబడవు. అది ‘పని ముగిసినది’ అని నమ్మకముగా వ్రాసికొని నిదురించును! భేదప్రతి ఉన్నట్టుండి చిక్కిపోవుట ఈ రోగమునకు లక్షణము. తేదీలను పోల్చు ప్రోగ్రాములకు ఈ జబ్బు లేదుగాని వేరొకటి ఉన్నది. పాత ఫ్యాట్ పద్ధతిలో కాలము స్థానిక గడియారము ననుసరించి, రెండేసి సెకండ్ల లెక్కన వ్రాయబడును. ఎన్‌టిఎఫ్‌ఎస్ పద్ధతిలో ప్రపంచ కాలమానమున, అంతకంటె సూక్ష్మముగా వ్రాయబడును. ఒకదానినుండి వేరొకదానికి ప్రతి తీయునపుడు సెకను తేడాకే ఫైలు మారినదని భ్రమపడవచ్చును. వేసవిలో గడియారమును ఒక గంట జరుపుకొను దేశములలోనైతే ఫైళ్లన్నియు ఒక్కనాటిలో మారినట్లు కనబడి, భేదప్రతి పూర్ణప్రతియంత ఉబ్బును.

వేళకు పని చేయించుట మరియొక కథ. యూనిక్స్‌లోని ‘క్రాన్’ రేయింబవళ్లు ఆగక నడుచు యంత్రములకై పుట్టినది. రాత్రి రెండు గంటలకు అని వ్రాసిపెట్టినచో సరిగా రెండు గంటలకే లేచును. ఇంటి కంప్యూటరు ఆ వేళకు కట్టివేయబడి ఉండును. తప్పిన పనిని తిరిగి యంత్రము వెలిగించినపుడు చేయుటకు తరువాత ‘అనాక్రాన్’ అను సాధనము వచ్చినది. విండోస్‌లోని పనుల పట్టికలో కూడ అట్టి ఏర్పాటు ఉన్నది, కాని దానిని ఎన్నుకొనవలెను. ఎన్నుకొననివాడు నెలల తరబడి బ్యాకప్ జరుగుచున్నదనియే అనుకొనును.

అన్నిటికంటె సూక్ష్మమైనది పాతవానిని తొలగించుట. ‘30 దినములు దాటిన ప్రతులను తొలగింపుము’ అను ఆజ్ఞ వినుటకు నిర్దోషముగా ఉన్నది. ప్రతి నెల మొదటి తేదీన పూర్ణప్రతి, మిగిలిన దినములలో భేదప్రతి తీయు యంత్రమునకు ఆ ఆజ్ఞ ఇచ్చి చూడుడు. జూలై 2వ తేదీన జూన్ 1 నాటి పూర్ణప్రతికి 31 దినములు నిండును, అది చెరిగిపోవును. జూన్ నెల భేదప్రతులు ఇరువది ఎనిమిదికి పైగా ఇంకను జాబితాలో ఉన్నవి. చూచువానికి అంతయు నిండుగానే ఉండును. కాని జూన్ 20 నాటి ఫైలు కావలెనన్న ఆ ఇరువది ఎనిమిదింటిలో ఒక్కటియు తెరచుకొనదు. వంశక్రమము ఇక్కడ తలక్రిందులైనది. టేపుల కాలమున తాత పోయినను కొడుకు బ్రదికెడివాడు. భేదప్రతి విషయములో తండ్రి పోయిన కొడుకు లేడు. కావున పూర్ణప్రతి వయస్సును దానిదిగా గాక, దానిని ఆశ్రయించిన కడపటి భేదప్రతి వయస్సునుబట్టి లెక్కింపవలెను. అట్లు లెక్కించినచో జూన్ పూర్ణప్రతి జూలై నెలాఖరువరకు ఉండవలెను, డిస్కుమీద రెండు పూర్ణప్రతులకు చోటు ఉండవలెను.

వేసవి సెలవులలో రెండు నెలలు మూసియుంచిన బడి కంప్యూటరు విషయము ఇంకను విషమము. తెరచిన దినమున ప్రతులన్నిటికిని 30 దినములు దాటియుండును. ప్రోగ్రాము ముందు తొలగించి తరువాత వ్రాయునదైనచో, తొలగించుట ముగిసి వ్రాయుట విఫలమైన ఆ కొద్దిసేపు ఇంటిలో ఏ తరమును ఉండదు. మరికొన్ని ప్రోగ్రాములు తమ జాబితాలోని పేర్లనుబట్టియే తొలగించును. వాటి విషయమున ఎవరైన ఒక ప్రతిని వేరొక సంచికి జరిపినచో, పేరు మార్చినచో, జాబితాకు అది కనబడదు. తొలగింపు ఆగి డిస్కు నిండి, క్రొత్త ప్రతులు నిలిచిపోవును. 2007లో ఆపిల్ సంస్థ తెచ్చిన ‘టైమ్ మెషీన్’ గంటకొక ప్రతి ఒక దినమువరకును, దినమునకొకటి ఒక నెలవరకును, అటుపై వారమునకొకటి డిస్కు నిండువరకును ఉంచెడిది. మారని ఫైళ్లను మరల వ్రాయక, పాత ఫైలుకే మరియొక పేరు కట్టుట దాని ఉపాయము. పేర్లన్నియు పోయినగాని ఫైలు పోదు గనుక ఏ పాత ప్రతిని తీసివేసినను మిగిలినవి చెడవు.

ఇంత తెలిసినవారును దెబ్బ తినకపోలేదు. 1998లో పిక్సార్ సంస్థ ‘టాయ్ స్టోరీ 2’ చిత్రమును తయారుచేయుచుండగా ఒక తొలగింపు ఆజ్ఞవలన చిత్రపు ఫైళ్లు చాల భాగము తుడిచిపెట్టుకొనిపోయినవి. బ్యాకప్ టేపులు వెదకగా అవి కొంతకాలముగా సరిగా పనిచేయుటలేదని అప్పుడు తెలిసినది. శిశువును చూచుకొనుచు ఇంటినుండి పనిచేయుచుండిన గాలిన్ సుస్మన్ అను సాంకేతిక అధికారిణి ఇంటి కంప్యూటరులో చిత్రపు ప్రతి ఒకటి ఉన్నది. దానిని జాగ్రత్తగా కారులో తెచ్చి పని కొనసాగించినారు.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఉద్యోగి ఒక సర్వరు అనుకొని మరియొక సర్వరుమీద తొలగింపు ఆజ్ఞ ఇచ్చినాడు. ఆపులోగా సుమారు 300 గిగాబైట్ల దత్తాంశములో నాలుగున్నర మాత్రమే మిగిలినవి. దినమునకొకమారు తీయవలసిన ప్రతిని వెదకిన చోటు ఖాళీగా ఉన్నది. దత్తాంశము 9.6వ సంచికది; ప్రతి తీయు సాధనము 9.2వది. సంచికలు కుదరక అది ప్రతిదినమును విఫలమగుచునే ఉన్నది. విఫలమైనట్లు ప్రతిదినమును ఉత్తరము పంపుచునే ఉన్నది. ఆ ఉత్తరములపై కావలసిన ముద్ర లేనందున సంస్థవారి తపాలా యంత్రము వాటిని లోనికి రానీయలేదు. చివరకు అక్కరకు వచ్చినది, ప్రయోగార్థము ఆ ఉద్యోగియే ఆరు గంటల ముందు చేతితో తీసియుంచిన ప్రతి. దానినుండి దత్తాంశమును తిరిగి నింపి మరునాటికి సేవలను తెరచినారు. ఆ ఆరు గంటలలో వినియోగదారులు వ్రాసిన వ్యాఖ్యలు, క్రొత్త ఖాతాలు తిరిగి రాలేదు. ఆ తరువాత గిట్‌ల్యాబ్ వారు జరిగినదంతయు గంటల వివరములతో సహా ప్రకటించినారు.