మస్ట్ నాట్ (ఇంగ్లీషు సహాయక క్రియ)

'మస్ట్ నాట్' ఇంగ్లీషులోని 'మస్ట్' అనే మోడల్ సహాయక క్రియకు వ్యతిరేక రూపం. మాటల్లో దీన్ని కుదించి 'మసంట్' అంటారు. ఇది ప్రధానంగా నిషేధాన్ని తెలుపుతుంది: 'యూ మసంట్ టచ్ ఇట్' అంటే దాన్ని ముట్టుకోకూడదని అర్థం. 'మస్ట్' ఒక పని తప్పనిసరి అని చెప్పే మాట కనుక, 'నాట్' చేరగానే ఆ తప్పనిసరి పోవాలని కొత్తగా నేర్చుకునేవారు అనుకుంటారు. నిజానికి తప్పనిసరి ఎక్కడికీ పోదు. చేయకుండా ఉండటమే తప్పనిసరి అవుతుంది. చేయనక్కర్లేదని చెప్పాలంటే 'నీడంట్', 'డోంట్ హావ్ టు' వంటి వేరే మాటలు కావాలి.

రూపం, ఉచ్చారణ

ఇంగ్లీషులో మామూలు క్రియను వ్యతిరేకంగా మార్చడానికి 'డు' సాయం కావాలి. 'ఐ గో' అనేది 'ఐ డోంట్ గో' అవుతుంది. కెన్, మే, విల్, షల్, మస్ట్ వంటి మోడల్ క్రియలకు ఆ సాయం అక్కర్లేదు. 'నాట్' నేరుగా వాటి వెంటే వస్తుంది. అందుకే 'డోంట్ మస్ట్' అనే ప్రయోగం లేదు. కర్త ఎవరైనా రూపం మారదు: ఐ, యూ, షీ, దే అన్నింటికీ 'మసంట్' ఒక్కటే. కుదించిన రూపాన్ని రాసేటప్పుడు రెండు 'టి' అక్షరాలు ఉంటాయి కానీ మొదటిదాన్ని పలకరు.

'నాట్' కుదింపు రూపాలు ఇంగ్లీషు మాటల్లోకి 1600 ప్రాంతంలో వచ్చాయని డెన్మార్క్ భాషావేత్త ఒట్టో యెస్పర్సన్ 1917లో వెలువరించిన తన గ్రంథంలో అంచనా వేశాడు. ఈ 'ంట్' కేవలం 'నాట్'ను తొందరగా పలకడం వల్ల ఏర్పడింది కాదని, క్రియకు అతుక్కుపోయిన ప్రత్యయమేనని భాషావేత్తలు అర్నాల్డ్ జ్వికీ, జెఫ్రీ పుల్లమ్ 1983లో వాదించారు. ప్రశ్నల్లో దీనికి ఆధారం కనిపిస్తుంది. 'మసంట్ వుయ్ టెల్ హిమ్?' అంటారు, అక్కడ 'మస్ట్ నాట్ వుయ్' అని విడదీసి అనరు. పైగా అన్ని మోడల్ క్రియలూ ఈ ప్రత్యయాన్ని ఒకేలా స్వీకరించవు. 'కాంట్', 'వోంట్' సర్వసాధారణం. 'షాంట్' బ్రిటన్‌లో పాతబడింది, అమెరికాలో దాదాపు వినిపించదు. 'మేంట్' దాదాపు కనుమరుగైంది.

చరిత్ర

ప్రాచీన ఇంగ్లీషులో 'మోటన్' అనే క్రియ ఉండేది. అనుమతి ఉండటం, వీలు కలగడం దాని అర్థం. దాని భూతకాల రూపం 'మోస్టె' కాలక్రమంలో వర్తమానార్థంలో స్థిరపడి, నేటి 'మస్ట్' అయింది. అంటే పుట్టుకలో ఇది విధిని కాదు, అనుమతిని చెప్పే మాట. అనుమతికి వ్యతిరేకం అనుమతి లేకపోవడం. నిషేధార్థం ఆ పాత అర్థానికి చక్కగా సరిపోతుంది. జర్మన్‌లో దీనికి జ్ఞాతి పదమైన 'ముస్సెన్' మరో దారి పట్టింది. అక్కడ 'ముస్ నిష్ట్' అంటే చేయనక్కర్లేదని; నిషేధానికి 'డార్ఫ్ నిష్ట్' అనే వేరే మాట ఉంది. జర్మన్లు ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు 'మస్ట్ నాట్' దగ్గర పొరబడటానికి ఈ పోలికే కారణం.

'నాట్' పరిధి

వాక్యంలో 'నాట్' దేన్ని కాదంటోంది అన్నదే ఇక్కడ కీలకం. వ్యాకర్తలు దీన్ని వ్యతిరేకపు పరిధి అంటారు. 'యూ మస్ట్ నాట్ గో'లో 'నాట్' రాతలో 'మస్ట్' పక్కన ఉన్నా, అర్థంలో 'గో'కు చెందుతుంది: వెళ్ళకుండా ఉండటం నీ విధి. 'యూ నీడంట్ గో'లో అది 'నీడ్'నే కొట్టేస్తుంది: వెళ్ళాలన్న విధి నీకు లేదు. 'యూ కాంట్ గో'లో 'కెన్' చెప్పే అనుమతినో సామర్థ్యాన్నో కాదంటుంది. అనుమతి లేకపోవడం, వెళ్ళకుండా ఉండటం విధి కావడం ఫలితంలో ఒకటే. అందుకే నిషేధం చెప్పే చోట 'మసంట్', 'కాంట్' ఒకదాని స్థానంలో మరొకటి ఒదుగుతాయి.

'మే నాట్' పరిధి సందర్భాన్ని బట్టి మారుతుంది. 'యూ మే నాట్ స్మోక్ హియర్' అంటే అనుమతి లేదు. 'షీ మే నాట్ కమ్' అంటే ఆమె రాకపోవచ్చు. ఈ రెండర్థాల గందరగోళం వల్లనే ప్రమాణ పత్రాలు రాసేవారు నిషేధానికి 'మే నాట్' వాడటానికి జంకుతారు.

నిత్య వ్యవహారంలో

నిషేధంగా వాడినప్పుడు 'మసంట్' వెనుక మాట్లాడేవారి అధికారమో పట్టుదలో వినిపిస్తుంది. పెద్దలు పిల్లలతో, వైద్యులు రోగులతో, సూచనల పత్రాలు పాఠకులతో ఇలా అంటాయి. సలహాగా మెత్తగా చెప్పాలంటే 'షుడంట్' వాడతారు. 'యూ షుడంట్ ఈట్ దట్' అన్నది హితవు, 'యూ మసంట్ ఈట్ దట్' అన్నది ఆంక్ష.

అయితే ఇది ఎప్పుడూ కటువు మాటే అనుకోనక్కర్లేదు. 'ఐ మసంట్ ఫర్గెట్' అని తనకు తాను గుర్తు చేసుకుంటారు. 'యూ మసంట్ వర్రీ' అనేది ఓదార్పు. సెలవు తీసుకునేటప్పుడు మర్యాదగా, మిమ్మల్ని ఇంకా ఆపకూడదన్న అర్థంలో 'ఐ మసంట్ కీప్ యూ' అంటారు. బ్రిటన్‌లో 'మసంట్ గ్రంబుల్' నానుడిగా స్థిరపడింది. ఎలా ఉన్నారని అడిగితే, సణగడం ఎందుకు, ఏదో ఇలా నెట్టుకొస్తున్నాం అన్న ధోరణిలో ఇచ్చే జవాబు అది.

'మస్ట్'తో అడిగిన ప్రశ్నకు జవాబు విషయంలో జాగ్రత్త అవసరం. 'మస్ట్ ఐ సైన్ దిస్?' అన్నదానికి అక్కర్లేదని చెప్పాలంటే 'నో, యూ నీడంట్' లేదా 'నో, యూ డోంట్ హావ్ టు' అనాలి. 'నో, యూ మసంట్' అంటే సంతకం పెట్టవద్దని అడ్డుకున్నట్టు అవుతుంది.

ఊహను తెలిపే చోట

'మస్ట్' విధినే కాక, ఆధారాలను బట్టి చేసే గట్టి ఊహను కూడా తెలుపుతుంది. 'హీ మస్ట్ బీ ఎట్ హోమ్' అంటే ఇంట్లోనే ఉండి ఉంటాడు. బ్రిటన్ ప్రామాణిక వాడుకలో దీనికి వ్యతిరేకం 'హీ కాంట్ బీ ఎట్ హోమ్'. అమెరికాలో 'హీ మస్ట్ నాట్ బీ హోమ్' అనడం మామూలే. నిషేధం కాదని తెలియడానికి అక్కడ దీన్ని సాధారణంగా కుదించరు. స్కాట్లాండ్, ఐర్లాండ్, ఉత్తర ఇంగ్లండ్ ప్రాంతాల్లో ఊహార్థంలో 'మసంట్' కూడా వినిపిస్తుంది.

భూతకాలం

'మస్ట్' ఒకప్పటి భూతకాల రూపమే కావడంతో దానికి మరో భూతకాల రూపం ఏర్పడలేదు. గతంలోని నిషేధాన్ని 'వాజంట్ అలౌడ్ టు', 'కుడంట్' వంటి మాటలతో చెబుతారు. గతం గురించిన వ్యతిరేక ఊహకు 'కాంట్ హావ్', 'కుడంట్ హావ్' వాడతారు. 'నీడంట్ హావ్ కమ్' అంటే వచ్చారు కానీ రావాల్సిన అవసరం లేకపోయింది; 'డిడంట్ నీడ్ టు కమ్' అంటే అవసరం లేదని మాత్రమే, వచ్చారో లేదో చెప్పదు.

నియమాల భాషలో

చట్టాల ఇంగ్లీషులో నిషేధానికి సంప్రదాయంగా 'షల్ నాట్' వాడతారు. భారత రాజ్యాంగం 14, 15 అధికరణలు రాజ్యంపై పెట్టిన నిషేధాలు ఈ రూపంలోనే ఉన్నాయి. ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాల్లో మాటల బరువును నిర్ణయించడానికి 1997లో ఆర్‌ఎఫ్‌సి 2119 అనే పత్రం వెలువడింది. అందులో 'మస్ట్ నాట్', 'షల్ నాట్' రెండూ మినహాయింపు లేని నిషేధానికి గుర్తులు. 'షుడ్ నాట్' మాత్రం తగిన కారణముంటే దాటవీలున్న సూచన.

తెలుగువారి ఇంగ్లీషులో

'వెళ్ళాలి' అన్నదానికి తెలుగులో రెండు వ్యతిరేకాలున్నాయి: వెళ్ళకూడదు, వెళ్ళనక్కర్లేదు. మొదటిది 'మసంట్'కు, రెండోది 'నీడంట్'కు సమానం కాబట్టి, ఈ భేదం తెలుగువారికి కొత్త కాదు. చిక్కు వాక్య నిర్మాణంలో వస్తుంది. 'మీరు రావాల్సిన అవసరం లేదు' అన్న వాక్యపు పోకడలో 'యూ నో నీడ్ టు కమ్' అనేస్తుంటారు. ప్రామాణిక ఇంగ్లీషులో అది 'యూ నీడంట్ కమ్' లేదా 'దేరీజ్ నో నీడ్ టు కమ్' కావాలి.

వాడుకలో మార్పు

1961 నాటి, 1990ల తొలినాళ్ళ నాటి రాతలను పది లక్షల పదాల చొప్పున సేకరించిన సంచయాలను భాషావేత్త జెఫ్రీ లీచ్ తదితరులు పోల్చి చూశారు. ఆ మూడు దశాబ్దాల్లో బ్రిటిష్ రాతలో 'మస్ట్' వాడకం నాలుగో వంతుకు పైగా తగ్గింది. 'షల్', సహాయక క్రియగా 'నీడ్' కూడా తగ్గాయి; 'హావ్ టు', 'నీడ్ టు' వంటి రూపాలు నిలదొక్కుకోవడమో పెరగడమో జరిగింది. అమెరికన్ల మాటల్లో నిషేధార్థపు 'మసంట్' మరీ అరుదు. అక్కడ 'కాంట్', 'షుడంట్', 'నాట్ సపోజ్డ్ టు' లేదా సూటిగా 'డోంట్' ఆ పని చేస్తాయి.