బోల్టను స్మారకపతకము - ఉత్తర సర్కారుల డబ్బు

నాణెము చెల్లుటకు, పతకము నిలుచుటకు ముద్రింపబడును. పరిశ్రమస్థాపకుల స్మృత్యర్థము వెలువడిన పతకములలో మాత్యూ బోల్టను పతకము ఆంధ్రదేశ చరిత్రకారులకు ప్రత్యేకముగ విచారణీయము. ఏలయన, అతని కర్మాగారపు రాగి తెలుగువారి నిత్యవ్యవహారమునకై వచ్చినది.

బోల్టను 1728లో ఇంగ్లండునందలి బర్మింగుహాము పట్టణమున జన్మించెను. 1775లో జేమ్సు వాట్టుతో భాగస్వామియై ఆవిరియంత్ర నిర్మాణమునకు పూనుకొనెను. 1788లో సోహోయందు టంకశాలను నెలకొల్పి, ఆవిరిశక్తిచే నాణెముల నొత్తించెను. సుత్తెపోటున పుట్టిన నాణెము లొకదాని నొకటి సరిగా పోలవు. కావున వానికి దొంగనాణెములు కల్పించుట సులభము. బోల్టను రాగిబిళ్లను కట్టులో నుంచి యొత్తించుటచే నాణెము లన్నియు సమవర్తులములై, కూటకారులకు దుస్సాధ్యము లయ్యెను.

అతడు 1809 ఆగస్టు 17న మరణించెను. 24వ తేదీని హాండ్సువర్తులో జరిగిన యంత్యక్రియలకు పిలువబడినవారికి స్మారకపతకము లీయబడెను. వానిపై అతని పేరును, మరణదినమును, అంత్యక్రియల దినమును లిఖితములు. అతని ముఖరూపము గల కంచుపతకములును వేఱుగ ముద్రితములయ్యెను.

ఈ పనితనము తెలుగుదేశమునకు వచ్చిన త్రోవ యెట్టిది? పూర్వపు కృష్ణామండలపు మెట్టసీమలో, జగ్గయ్యపేటకు చేరువను, హైదరాబాదు బాటపై గరికపాడు గ్రామము కలదు. బౌద్ధస్తూపావశేషములచే నిది పండితులకు పరిచితమే. నందిగామ పరగణా చేరిన కొండపల్లి సర్కారు 1766 నాటి సంధిచే కంపెనీవశము కాగా, గరికపాటి సీమ రెండు ప్రభుత్వముల సరిహద్దయ్యెను. పడమట నిజాము రాజ్యము, తూర్పున కంపెనీ సర్కారు.

ఈ సర్కారులకొఱకే కంపెనీవారు సోహోలో 1794 సంవత్సరాంకముతో రాగినాణెములు ముద్రింపించిరి. రూపాయికి 48 చెల్లునది యొకటి, 96 చెల్లునది వేఱొకటి. వానిపై కంపెనీ లాంఛనము, సరకుమూట గుర్తు, సంవత్సరము, ఇంగ్లీషు లిపిలో మారకపు విలువ కలవు. తెలుగక్షర మొక్కటియు లేదు. ఇంగ్లండు రాజు పేర సోహో పెన్నీలు వెలువడినది 1797లో. అనగా ఆవిరియంత్రమున నొత్తిన సోహో రాగి స్వదేశపు రాజనాణెమగుటకు మూడేండ్లు ముందే సర్కారులకై సిద్ధమయ్యెను.

చెన్నపురి రాజధానికై 1808 సంవత్సరాంకముతో నొత్తిన సోహో నాణెములను గొనివచ్చుచున్న అడ్మిరల్ గార్డనరు ఓడ, బోల్టను మరణించిన 1809 జనవరిలోనే ఇంగ్లండు తీరమున గుడ్విను ఇసుకతిప్పలపై మునిగెను. ఆ నాణెములు 1980ల దశకమున వెలికి తీయబడినవి. తెలుగు సంతలకు చేరినవో చేతులు మాఱి యరిగిపోయినవి.

సర్కారులలో రాగినాణెమునకు 'డబ్బు' అని వ్యవహారము. మచిలీపట్టణపు టంకశాలలోను డబ్బులు చేతిపోటున ముద్రితములగుచుండెను. అచ్చట అచ్చు చెక్కినవారి పేరు గాని, సుత్తె యెత్తినవారి పేరు గాని యే లోహమునను చెక్కబడలేదు. సోహో యజమానికి పతకము దక్కెను. ఇచ్చటి పనివారికి ఒక మాట దక్కెను. ఆ రాగినాణెము చెల్లుట యెన్నడో మానినను, దాని పేరు ధనమాత్రమునకే పేరై యింటింట నిలిచియున్నది. పరిశ్రమచరిత్ర వ్రాయువారు పతకముతోపాటు ఈ మాటనుగూడ సాక్ష్యముగ గొనవలసియున్నది.