విచ్ హేజల్

విచ్ హేజల్ ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతపు అడవుల్లో పెరిగే హమామెలిస్ వర్జీనియానా అనే పెద్ద పొద. దీని కొమ్మలు, బెరడు, ఆకుల నుంచి తీసే వగరు ద్రవ్యాన్నీ ఇదే పేరుతో పిలుస్తారు. ముఖానికి రాసుకునే టోనర్లు, గడ్డం గీసుకున్నాక వాడే లోషన్లు, మొలల మంటను తగ్గించే మందుల్లో దీన్ని కలుపుతారు.

మొక్క

తోటి చెట్లు ఆకు రాల్చే శరదృతువులో ఇది పూస్తుంది. పువ్వుకు నలిగినట్టుండే సన్నని పసుపు రేకలు నాలుగుంటాయి. కాయ మరుసటి ఏడు ముదిరి, చిట్లి, నల్లటి గింజలను కొన్ని మీటర్ల దూరం విసురుతుంది. 1753లో లిన్నేయస్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు.

చరిత్ర

ఆదివాసీ తెగలవారు బెరడును, కొమ్మలను నీళ్లలో మరిగించి ఆ కషాయాన్ని వాపులకు, దెబ్బలకు వాడేవారు. న్యూయార్క్ రాష్ట్రంలోని యుటికాకు చెందిన థెరాన్ పాండ్ 1846లో ఈ మొక్క సారాన్ని మందుగా అమ్మడం మొదలుపెట్టాడు. అది పాండ్స్ ఎక్స్‌ట్రాక్ట్‌గా ప్రసిద్ధి చెందింది. తర్వాత కంపెనీ దృష్టి క్రీముల వైపు మళ్లింది. మన ఇళ్లలో పౌడరు డబ్బాల మీద కనిపించే పాండ్స్ ఆయన ఇంటిపేరే. 1866లో థామస్ న్యూటన్ డికిన్సన్ కనెక్టికట్‌లోని ఎసెక్స్‌లో బట్టీ పెట్టి భారీ ఉత్పత్తికి దారి వేశాడు. నేటికీ ఈ పరిశ్రమకు కనెక్టికటే కేంద్రం. ఆకు రాలాక కొమ్మలు నరికి, ముక్కలు చేసి, ఆవిరి పట్టి సారం దింపుతారు. నరికిన మోడు మళ్లీ చిగురిస్తుంది.

వగరు గుణం

బెరడులో హమామెలిటానిన్ వంటి టానిన్లు ఉన్నాయి. కరక్కాయ కొరికితే నాలుక పిడచగట్టేదీ టానిన్ల వల్లే. ఇవి చర్మం పైపొరలోని ప్రోటీన్లను పట్టుకుని బిగిస్తాయి. ఆదివాసుల కషాయంలోకి ఇవి దిగేవి. బట్టీ పద్ధతి వచ్చాక ఈ గుణం మారిపోయింది. టానిన్లు ఆవిరితో పాటు పైకి లేవవు, దాదాపు అన్నీ బానలోనే మిగిలిపోతాయి. సారం చెడిపోకుండా సుమారు 14 శాతం ఆల్కహాలు కలుపుతారు. బట్టీ సారం రాసుకున్నప్పుడు చర్మం బిగిసినట్టు అనిపించడానికి ముఖ్య కారణం ఆ ఆల్కహాలే. పొడి చర్మాన్ని అది మరింత ఎండగొట్టగలదు కాబట్టి ఆల్కహాలు లేని రకాలూ వచ్చాయి.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చీటీ లేకుండా అమ్మదగిన వగరు మందుల్లో దీన్ని చేర్చింది. సౌందర్య సాధనాల లేబుళ్ల మీద ‘వాటర్’ అని ఉంటే అది బట్టీలో దింపిన సారం. టానిన్లు ఉండే అవకాశం ‘ఎక్స్‌ట్రాక్ట్’ అని రాసిన వాటిలోనే ఎక్కువ.