మెయిన్‌ఫ్రేమ్ లావాదేవీల వేగంపై స్టోరేజీ రెప్లికేషన్ ప్రభావం

మెయిన్‌ఫ్రేమ్ డిస్కు మీద రాసిన ప్రతి మార్పునూ వేరొక చోట ఉన్న డిస్కు వ్యవస్థలోకి ఎప్పటికప్పుడు నకలు చేయడమే స్టోరేజీ రెప్లికేషన్. ఒక డేటా సెంటర్ మంటల్లోనో వరదలోనో చిక్కుకున్నా బ్యాంకు ఖాతాల లెక్కలు దక్కాలన్నది దీని ఉద్దేశం. ఆ భద్రతకు మూల్యం కాలం.

ఐబీఎం మెట్రో మిర్రర్, ఈఎంసీ 1994లో తెచ్చిన ఎస్ఆర్‌డీఎఫ్ వంటి సింక్రనస్ పద్ధతుల్లో, నకలు చేరిందని అవతలి డిస్కు చెప్పేదాకా ఇవతలి రాత పూర్తి కాదు. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు పడుతుంది. రానూ పోనూ 10. వంద కిలోమీటర్లకు 1 మిల్లీసెకను. కాష్‌లో పడే స్థానిక రాత ఇందులో కొద్ది వంతు సమయంలోనే ముగుస్తుంది. బ్యాండ్‌విడ్త్ ఎంత కొన్నా ఈ ఆలస్యం తగ్గదు.

అయితే లావాదేవీ అన్ని రాతల కోసమూ ఆగదు. డీబీ2 డేటాబేస్‌లో మారిన పేజీలు బఫర్ పూల్ నుంచి తీరిగ్గా డిస్కుకు వెళ్తాయి. చదవడాలు ప్రధాన డిస్కు నుంచే జరుగుతాయి. ఆగాల్సింది లాగ్ రాత దగ్గరే: అది డిస్కుకు చేరనిదే కమిట్ లేదు, కమిట్ కానిదే లాక్ విడుదల కాదు. ఒకే వరుసను అందరూ మార్చే అప్లికేషన్‌లో కమిట్‌కు 2 మిల్లీసెకన్లు పడితే, ప్రాసెసర్ ఎంత గొప్పదైనా ఆ వరుస మీద సెకనుకు 500 మార్పులు దాటవు. రికార్డుకో కమిట్ చేసే బ్యాచ్ జాబ్‌లూ ఇలాగే నెమ్మదిస్తాయి. చాలాచోట్ల డిస్కు మార్చడం కన్నా ప్రోగ్రాములో కమిట్ విరామం పెంచడమే చవకైన మందు. మెయిన్‌ఫ్రేమ్ పనితీరును కొలిచే ఆర్ఎంఎఫ్ నివేదికలో, నకలు కోసం రాత ఆగే ఈ నిరీక్షణ ప్రధానంగా డిస్కనెక్ట్ సమయంగా కనిపిస్తుంది.

జెడ్‌హైపర్‌రైట్ అనే సదుపాయం వచ్చాక డీబీ2 లాగ్‌ను రెండు డిస్కులకూ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్/ఓఎస్ ఏకకాలంలో రాయగలుగుతోంది. డిస్కుల మధ్య నకలు పని తప్పుతుంది కానీ దూరం తప్పదు.

గ్లోబల్ మిర్రర్ వంటి అసింక్రనస్ పద్ధతుల్లో లావాదేవీ ఆగదు. ప్రమాదం జరిగితే చివరి కొన్ని సెకన్ల డేటా పోవచ్చు. ఇదీ పూర్తిగా ఉచితమేమీ కాదు. ఎక్స్ఆర్‌సీ అనే మరో అసింక్రనస్ పద్ధతిలో నకలు వెనకబడితే, రైట్ పేసింగ్ అమర్చిన చోట ప్రధాన రాతలనే నెమ్మదింపజేస్తారు. అందుకే పెద్ద సంస్థలు దగ్గరి కేంద్రానికి సింక్రనస్, దూరపు కేంద్రానికి అసింక్రనస్ నకళ్లను కలిపి వాడతాయి.