రామ్‌నగర్‌ను నడిపిన రామదండు

చీరాల అనగానే బయటివాళ్ళకు నేత బట్టలు గుర్తొస్తాయి. చరిత్ర చదివినవాళ్ళకు 1921 గుర్తొస్తుంది: పన్ను కట్టేది లేదని ఊరు ఊరంతా ఇళ్ళు వదిలి, పొలిమేర దాటి, పదకొండు నెలలు పాకల్లో గడిపిన సంగతి. ఆ కథ చెప్పేటప్పుడు నాయకుడి గురించి చెబుతారు, గాంధీగారి సలహా గురించి చెబుతారు, మెట్టు దిగని సర్కారు గురించి చెబుతారు. రామదండు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండు మాటలతో సరిపెడతారు. జీతం భత్యం లేకుండా ఊరి పనికి దిగిన ఆ సేవాదళం లేకపోతే ఆ పోరాటం పదకొండు రోజులు కూడా సాగేది కాదని ఈ ఊరి మనిషిగా నా నమ్మకం.

చీరాల, పేరాల అప్పట్లో గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలో పక్కపక్కనున్న ఊళ్ళు. రెండింటికీ కలిపి జనాభా 15,000 పైచిలుకు. మగ్గం, సేద్యం, చిన్నపాటి వ్యాపారం, ఇవే బతుకుతెరువు. గ్రామ యూనియన్‌గా ఉన్నన్నాళ్ళూ ఏడాదికి వసూలయ్యే పన్ను సుమారు 4,000 రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వం రెండూళ్ళనూ కలిపి మునిసిపాలిటీ చేయడంతో అది 40,000 వరకు పోయే పరిస్థితి వచ్చింది. పదిరెట్ల భారం మోయలేమని ఊరు మొరపెట్టుకుంది. సర్కారు వినలేదు. కౌన్సిలర్లు రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతమిచ్చి ఒక చైర్మన్‌ను కూర్చోబెట్టింది. పన్ను కట్టనివాళ్ళ మీద కేసులు పెట్టారు. జైలుకు వెళ్ళిన పన్నెండు మందిలో ఒక స్త్రీ కూడా ఉంది.

ఈ గొడవలో ముందు నిలిచినవారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. ఎడింబరోలో ఎం.ఏ. చదివారు. నందికేశ్వరుడి నాట్యగ్రంథం అభినయ దర్పణాన్ని ఆనంద కుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చారు. రాజమండ్రిలో, బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పి చివరికి చీరాల చేరారు. ఇక్కడ ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి పెట్టారు. నాట్యం, సంగీతం, జానపద కళలంటే ప్రాణమిచ్చే అటువంటి పండితుడు పన్నుల తగాదాలోకి దిగడం చాలామందికి వింతగా తోస్తుంది. నాకు అందులో వింతేమీ లేదు. జనాన్ని ఒకచోట చేర్చి, పాట పాడించి, వరుసలో నిలబెట్టడం తెలిసినవాడే సేవాదళాన్ని తయారు చేయగలడు. ఆయన అదే చేశారు.

రామదండులో సుమారు వెయ్యిమంది చేరారు. కాషాయ బట్టలు, మెడలో రుద్రాక్షలు, నుదుట కుంకుమ బొట్టు వాళ్ళ గుర్తు. రాముడి సేవ ఎలాగో ఊరి సేవ అలాగే అన్నది వాళ్ళకు నూరిపోసిన పాఠం. తిరునాళ్ళలో, సభల్లో జనాన్ని అదుపు చేయడం, భజనలతో ఊరేగడం, కాంగ్రెసు మాట ఇంటింటికీ చేర్చడం వాళ్ళ పని. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగినప్పుడు గాంధీగారిని చూడటానికి జనం లక్షల్లో కదిలి వచ్చారు. ఆ జన సముద్రాన్ని లాఠీ లేకుండా నడిపిన బాధ్యత రామదండుది. లక్షలమంది మధ్య తాడు పట్టుకుని నిలబడ్డవాడికి ఏ నాయకుడి ఉపన్యాసమూ వినపడదు. అతని కళ్ళన్నీ తోపులాట మీద, తప్పిపోయిన పిల్లల మీద, సొమ్మసిల్లిన ముసలివాళ్ళ మీద ఉంటాయి. తిరునాళ్ళలో వలంటీరుగా నిలబడ్డ ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు.

సమావేశాలయ్యాక గాంధీగారు చీరాల వచ్చారు. ఊళ్ళోనే ఉండి అహింసగా పన్ను నిరాకరించడం ఒక దారి, ఊరే వదిలి మునిసిపాలిటీ హద్దు దాటిపోవడం రెండో దారి అన్నారు. ఊరు రెండోదాన్ని పట్టుకుంది. 13,000 మందికి పైగా కదిలారు. ఊరి బయట తాటాకు పాకలు వేసుకున్నారు. దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు.

మాది నేతగాళ్ళ ఊరు. ఊరు వదలడమంటే ఏమిటో ఇక్కడివాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. గుంట మగ్గాన్ని పెట్టెలా ఎత్తుకుపోలేం. అది ఇంటి నేలలో దిగి ఉంటుంది. కొత్తచోట మళ్ళీ గుంట తవ్వాలి, గుంజలు పాతాలి, పడుగు సాగదీయడానికి వీధంత పొడుగున ఖాళీ చూసుకోవాలి. ఈ ప్రాంతపు ఇసుక నేలలో తవ్విన గుంట ఊరికే కూలుతుంది. వానొస్తే నూలు చెమ్మగిల్లి, మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే ఆ పూట కూలి ఆగుతుంది. మే ఎండల్లో పాకలు వేసుకున్నవాళ్ళు అదే పాకల్లో వర్షాకాలమూ గడిపారు, కార్తీక మాసపు తుఫాను గాలులూ చూశారు, చలికాలమూ దాటారు.

పదమూడు వేలమంది ఒకచోట తాటాకు కప్పుల కింద ఉంటే నీళ్ళు కావాలి, దొడ్డికి వెళ్ళే చోటు కావాలి, రాత్రిపూట కాపలా కావాలి. ఒక్క పొయ్యి నిప్పురవ్వ ఎగిరితే వరుస వరుసా బూడిదే. ఇవన్నీ మునిసిపాలిటీ చేయాల్సిన పనులు. వాటి పేరు మీదే సర్కారు పన్ను అడిగింది. పన్ను కట్టేది లేదన్న ఊరు ఆ పనులను తన చేతుల మీదుగా చేసుకుంది. కులాల వారీగా ప్రతినిధులను ఎన్నుకుని సభ నడుపుకున్నారని, తగవులు తీర్చుకునే పంచాయతీ పెట్టుకున్నారని ఆనాటి వృత్తాంతాలు చెబుతాయి. సాయంత్రాలు రామదండు భజనలు సాగేవి. ఆ భజనలను భక్తి ఖాతాలో వేసి ఊరుకోకూడదని నా అభిప్రాయం. ఇల్లు వాకిలి వదిలిన జనం దిగులు పడి వెనక్కి పోకుండా పట్టి ఉంచింది ఆ పాటలే.

డబ్బు మాత్రం పాటలతో రాదు. ఇంతమందిని నెలల తరబడి నిలబెట్టాలంటే నిధులు కావాలి. వాటి కోసం గోపాలకృష్ణయ్య బరంపురం వెళ్ళినప్పుడు ఆయన్ను పట్టుకున్నారు. ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. నాయకుడు లేడు, నిధుల్లేవు, అరెస్టులు ఆగలేదు. పదకొండు నెలల తర్వాత జనం ఇళ్ళకు తిరిగొచ్చి పన్నులు కట్టారు. దీన్ని ఓటమి అనేవాళ్ళున్నారు. పన్ను విషయంలో ఓడిన మాట నిజమే. కానీ బీదాబిక్కీ కలిసి దాదాపు ఏడాది పాటు తమ ఊరిని తామే నడుపుకోగలరని అప్పటిదాకా ఎవరు చూపించారు? 1922లోనే అదే గుంటూరు జిల్లా పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి శాంతిసేనను కూడగట్టి పన్నుల నిరాకరణ నడిపారు. చీరాలలో జరిగిన పని వాళ్ళ కళ్ళ ముందుంది.

గోపాలకృష్ణయ్య 1928 జూన్ 10న క్షయతో పోయారు. నలభయ్యేళ్ళు కూడా నిండలేదు. ఆయనకు ఆంధ్రరత్న అనే బిరుదు దక్కింది. బెజవాడలో ఆయన పేరున భవనముంది. ఆయనకు ఆ గౌరవం తగినదే. ఆయన వెంట నడిచిన వెయ్యిమంది కూడా ఊరికి పేరుపేరునా తెలియాలి.

అందుకే నాదొక విన్నపం. చీరాల, పేరాల, జాండ్రపేటల్లో పాతకాలపు ఇళ్ళున్నవాళ్ళు ఒకసారి అటకలూ భోషాణాలూ వెతకండి. మీ ముత్తాత రామదండులో ఉన్నాడని ఇంట్లో చెప్పుకునే మాట ఉంటే, పేరు, వీధి, చేసిన పని ఒక కాగితం మీద రాసి ఊరి గ్రంథాలయంలో ఇవ్వండి. బడి పంతుళ్ళు పిల్లలను ముసలివాళ్ళ దగ్గరికి పంపి విన్నది రాయించాలి. ఆ పేర్ల పట్టిక తయారైతే రామ్‌నగర్‌లో రాయి మీద చెక్కించే ఖర్చు ఊరంతా చందా వేసుకుని పెట్టుకుందాం.