వాద్యపు అంచున సన్నని గీత

బొగ్గు గనిలో పైకప్పుకు దన్నుగా నిలిపిన కర్ర విరగబోయే ముందు పలుకుతుంది. పై రాతి బరువు పెరిగిన కొద్దీ అది చిటచిటలాడుతుంది. కొనలు నలిగి పీచులుగా విచ్చుకొంటాయి. నడుము కొద్దిగా వంగుతుంది. అంతసేపూ అది నిలిచే ఉంటుంది. ఆ చప్పుడు విన్న పనివారికి వెనుకకు తప్పుకొనే వ్యవధి దొరుకుతుంది. గోదావరిఖని, రామగుండము ప్రాంతపు గనులలో రాతిలోనికి ఇనుప కడ్డీలు బిగించి కప్పును నిలిపే పద్ధతి వ్యాపించక పూర్వము ఈ కర్ర దన్నులే పనివారి ప్రాణాలకు కాపలా.

అదే కర్రను సన్నని బద్దగా చీల్చి, ఎండిన తరువాత చేతులతో వంచి చూడండి. ఏ హెచ్చరికా లేకుండా ఫెళ్లున విరుగుతుంది. కారణమేమి? బద్దను వంచినప్పుడు లోపలి వైపు పీచులు నొక్కుకొంటాయి. వెలుపలి వైపు పీచులు సాగుతాయి. కర్ర నొక్కుడును ఓర్చుకొంటుంది గాని సాగుడును ఓర్వదు. ఎండు కర్ర నూటికి సుమారు ఒక పాలు సాగేసరికి తెగిపోతుంది. ఈ చిన్న భేదమును ఆధారము చేసికొనే గిటారు పైపలక అంచున కనబడే సన్నని గీత చరిత్ర నడిచినది.

నలుపు, తెలుపు చారలుగా అంచు వెంట సాగే ఈ గీతను వాద్యములు చేసేవారు పర్ఫ్లింగ్ అంటారు. కలముతో గీసినట్లు కనబడినా అది గీత కాదు. పలక అంచున సన్నని గాడి తీసి, అందులో కూర్చిన కర్ర బద్ద. ఇటలీలోని క్రెమోనా నగరములో 1577లో మరణించిన ఆండ్రియా అమాటీ చేసిన వయొలిన్లలోనే ఇది కనబడుతుంది. నల్ల పొర, తెల్ల పొర, మరల నల్ల పొర — మూడు కలిసినా మందము సుమారు 1.3 మిల్లీమీటర్లే. అందము కొరకే ఇంత శ్రమ పడినారనుకొంటే పొరపాటు. వాద్యము అంచు ఎక్కడో తగిలి చీలిందనుకోండి. ఆ చీలిక కర్ర పీచు వెంబడి లోపలికి పరుగెత్తుతుంది. దారిలో ఈ గాడి, ఈ బద్ద అడ్డుపడి దానిని చాలవరకు ఆపుతాయి. చౌక వాద్యములలో కొన్నిటికి సిరాతో ఉత్త గీతలు గీసి అమ్ముతారు. కంటికి రెండూ ఒక్కటే, చీలికకు కావు.

తెలుగునాట వయొలిన్ అనగానే ద్వారం వెంకటస్వామి నాయుడుగారు, 1919లో స్థాపించబడిన విజయనగరం సంగీత కళాశాల స్ఫురిస్తాయి. ఆ పట్టణమునకు చేరువలోనే బొబ్బిలి ఉన్నది. దాని పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. వారు కర్రను వంచరు. పనస దుంగను తొలిచి, కడవ వంటి కుండను, దండిని ఒకే మానులో నుండి తీస్తారు. వంపు అంతా ఉలి చేసిన పనే. పూర్వము వీణలకు దంతముతో నగిషీ చేసేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1986లోను, 1991లోను సవరణలు వచ్చిన పిమ్మట దంతపు వ్యాపారము నిషిద్ధమై, ఆ స్థానము ప్లాస్టిక్కుకు దక్కినది. తొలిచే పద్ధతిలో కర్ర సాగే బాధ లేదు. కాని దుంగలో చాల భాగము చెక్కపేళ్లుగా పోతుంది. గిటారు పక్కపలకలు, దాని అంచు బద్దలు మాత్రము వంచక తప్పదు.

విద్యార్థులు ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. బద్ద మందమును వంపు వ్యాసార్థమునకు రెట్టింపుతో భాగిస్తే వెలుపలి ముఖము ఎంత సాగవలెనో తెలుస్తుంది. గిటారు నడుము వద్ద వ్యాసార్థము 60 మిల్లీమీటర్లనుకొందాము. 1.5 మిల్లీమీటర్ల బద్దను అక్కడ వంచితే 1.5ను 120తో భాగించగా నూటికి 1.25 వస్తుంది. ఎండు బద్ద అక్కడే విరిగినట్లు. అదే బద్దను 0.5 మిల్లీమీటరు పొరలు మూడుగా చేస్తే, ఒక్కొక్క పొర సాగవలసినది నూటికి 0.42 మాత్రమే. మూడు పొరల పద్ధతి రంగుల కొరకే పుట్టినదో ఏమో గాని, వంచేవాడికి అది వరమైనది.

ఇక అగ్ని సహాయము. వెదురును సెగ చూపి వంచడము మన మేదరివారికి కొత్త కాదు. కర్రలో సెల్యులోజు పీచులను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థమున్నది. తడిసిన కర్రలో అది 80 నుండి 100 డిగ్రీల వేడికి మెత్తబడుతుంది; చల్లారితే తిరిగి బిగుసుకొంటుంది. రామగుండము బొగ్గుకూ ఈ లిగ్నినుకూ చుట్టరికము ఉన్నది. 25 కోట్ల సంవత్సరములకు పైబడిన పెర్మియన్ కాలపు అడవులలో గ్లాసోప్టెరిస్ జాతి చెట్లు పెరిగినవి. అవి నేలలో పూడుకొని, సులభముగా కుళ్లని వాటి లిగ్నినే చాలవరకు బొగ్గుగా మారినది. పనివాడు క్షణకాలము మెత్తబరచి విడిచిపెట్టే పదార్థమును భూగర్భము కోట్ల ఏండ్లు కాచినదన్నమాట.

వేడి తగిలిన తడి కర్రలో నొక్కుడును ఓర్చే శక్తి నూటికి 25 పాళ్లు దాటి పెరుగుతుంది. సాగే శక్తి మాత్రము ఒకటి రెండు పాళ్లకు మించదు. దీనిని పూర్తిగా వినియోగించుకొన్నవాడు వియన్నాలో కుర్చీలు చేసిన మైకేల్ థోనెట్. ఆవిరి పట్టిన బీచ్ కర్రకు వెలుపలి వైపున ఉక్కు పట్టీ బిగించి, రెండు కొనలూ కదలకుండ చేసి వంచినాడు. పట్టీ సాగదు గనుక వెలుపలి పీచులూ సాగవు. మార్పంతా లోపలి నొక్కుడుగానే జరుగుతుంది. 1859లో వచ్చిన అతని 14వ నంబరు కుర్చీ 1930 నాటికి సుమారు 5 కోట్లు అమ్ముడైనట్లు చెబుతారు. గిటారు చేసేవాడు బద్దను కాలిన లోహపు గొట్టముపై ఆనించి వంచేటప్పుడు వెనుక పలుచని లోహపు రేకును పట్టుకొనడములోని రహస్యమూ ఇదే.

అయితే ఇక్కడొక చిక్కు. మూడు పొరలను కలిపిన జంతు జిగురు సుమారు 60 డిగ్రీలకే కరగనారంభిస్తుంది. లిగ్నిన్ మెత్తబడక ముందే జిగురు వీడిపోయి, బద్ద చేతిలోనే మూడుగా విడుతుంది. అందుచేత కొందరు పొరలను విడివిడిగా వంచి, గాడిలోనే జిగురు పూసి కలుపుతారు. ఆమ్‌స్టర్‌డామ్ వయొలిన్ పనివారిలో కొందరు నల్ల పొరకు కర్రనే మాని, తిమింగిలపు నోటిలోని సాగే పట్టీని వాడినారు.

చేపముల్లు అల్లిక బద్దకు ఈ చిక్కు మరీ ఎక్కువ. అది ఏటవాలుగా కోసిన చిన్న ముక్కలను వరుసగా అతికించినది. ఎక్కువ తడిగాని వేడిగాని ఓర్చదు. 1833లో అమెరికాలో అడుగుపెట్టిన సి.ఎఫ్. మార్టిన్ పేరిట నడిచిన కంపెనీ, జర్మనీ నుండి ఇట్టి బద్దలు తెప్పించి డి-28 గిటారులకు కూర్చేది. రెండవ ప్రపంచ యుద్ధముతో ఆ సరఫరా తెగి, 1940ల చివరకు నిలువలు అడుగంటినవి. తిరిగి 1976లో హెచ్‌డి-28 అనే కొత్త రకముపై ఆ అల్లికను ప్రవేశపెట్టినారు.

వంపు ఎంత చక్కగా కుదిరినా, సెగ తీసిన తరువాత బద్ద కొంచెము వెనుకకు విచ్చుకొంటుంది. కనుక కావలసినదానికన్న కాస్త ఎక్కువే వంచుతారు. పైపలక మందము సుమారు 2.5 మిల్లీమీటర్లే కాబట్టి గాడి లోతులో పొరపాటు పనికిరాదు. జిగురు పెట్టక ముందు బద్దను ఉత్తగా గాడిలో అమర్చి చూస్తారు. ఎక్కడైనా బలవంతముగా అదిమితే తప్ప కూర్చోనంటే, దానిని తీసి మరల గొట్టము వద్దకు తీసికొనిపోతారు. సరిగా ఒదిగిన తరువాతనే జిగురు పూసి, నాడా గట్టిగా చుట్టి రాత్రంతా విడిచిపెడతారు. మరునాడు కట్లు విప్పి, పలకకన్న పైకి పొడుచుకొని ఉన్న అంచును ఉక్కు రేకుతో గీకుతారు. జిగురు మరకల కింద నుండి నలుపు తెలుపు గీతలు అప్పుడు బయటపడతాయి.