విరిగిన స్టడ్డు చెప్పే మన పట్టరై చరిత్ర



విజయనగర, నాయక రాజుల కాలంలో మన పెద్దలు ఈ దక్షిణానికి వచ్చిన సంగతి చాలాసార్లు రాసుకున్నాం. నామక్కల్‌లో లారీలను నమ్ముకుని బతికిన మన వాళ్ల గురించి మాత్రం ఎప్పుడూ రాసుకోలేదు. ఈసారి ఒక చిన్న ఇనుప ముక్కతో మొదలుపెడదాం. అది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ స్టడ్డు.

1954లో జంషెడ్‌పూర్‌లో టాటా మెర్సిడెస్ బెంజ్ లారీల తయారీ మొదలైంది. 1955లో మద్రాసులోని అశోక్ మోటార్స్ అశోక్ లేలాండ్ అయింది. ఆ డీజిల్ బండ్లు మన రోడ్లెక్కాక మన వాళ్లలో కొందరు స్టీరింగ్ పట్టారు, కొందరు పట్టరైలో స్పానర్ పట్టారు.

మానిఫోల్డును సిలిండర్ హెడ్డుకు బిగించి ఉంచేవి ఈ స్టడ్డులే. పొగ వేడికి మానిఫోల్డు హెడ్డుకన్నా ఎక్కువ సాగుతుంది, ఇంజన్ ఆపితే ముడుచుకుంటుంది. ఆరు సిలిండర్ల పొడవులో ఆ సాగుడు రెండు కొసల్లోనే ఎక్కువ. అందుకే చాలాసార్లు కొస స్టడ్డులే ముందు తెగుతాయి. పొద్దున్నే బండి స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మని చప్పుడు, వేడెక్కాక అది తగ్గడం, జాయింట్ దగ్గర నల్లటి మసి: ఇవే గుర్తులు.

మా పెద్ద మేస్త్రీలు తొందరపడేవాళ్లు కాదు. ముక్క బయటికి ఉంటే దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి, కాస్త చల్లారాక మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడించేవాళ్లు. వేడి స్టడ్డుకు కొవ్వొత్తి తాకిస్తే మైనం కరిగి మరల్లోకి దిగేది. ముక్క లోపలే విరిగితే సరిగ్గా నడిమధ్యన పంచ్ కొట్టి, ఎడమ చుట్టు బిట్టుతో డ్రిల్ చేసేవాళ్లు. ఒకసారి మా కుర్రవాడు తొందరపడి ఎక్స్‌ట్రాక్టర్‌ను లోపలే విరగ్గొట్టాడు. అది గట్టి ఉక్కు, మామూలు బిట్టు దిగదు. వంద రూపాయల పని కాస్తా హెడ్డు విప్పే పని అయింది. ఆ బండి ఓనరు వారం రోజుల కిరాయి పోగొట్టుకున్నాడు. ఆ మాట ఇప్పటికీ మాకు గుచ్చుకుంటుంది.

కొత్త స్టడ్డు వేసేటప్పుడు మానిఫోల్డు ముఖం వంగిందేమో స్కేలు పెట్టి చూడాలి. వంగినదాన్ని అలాగే బిగిస్తే కొత్తదీ తెగుతుంది. బిగింపు నడుమ నుంచి కొసలకు పోవాలి.

2017లో బీఎస్ 4, 2020లో బీఎస్ 6 దేశమంతా వచ్చాయి. ఇప్పటి బండ్లలో టర్బో బరువు కూడా చాలావరకు మానిఫోల్డు మీదే. కంప్యూటర్ పెట్టి లోపం చూస్తున్నారు, మంచిదే. కానీ విరిగిన ముక్కను బయటికి తీసేది ఇవాళ్టికీ చెయ్యే.

ఆ చేతులు మన ఇళ్లలో ముసలివైపోతున్నాయి. మన పిల్లలు చదువులకెళ్లారు, సంతోషమే. ఆ పని, దాని వెంట ఉన్న మన తెలుగు మాటలు మాత్రం వాళ్లతోనే పోకూడదు. మీ ఇంట్లో అలాంటి తాతయ్యో మామయ్యో ఉంటే పక్కన కూర్చుని అడగండి, రాసి సంఘానికి తెచ్చివ్వండి. గుడి శాసనాల పక్కన అదీ మన చరిత్రే.